నిర్జనమను మాట

ఆకాశమును పరిశీలించు రేడియో దూరదర్శినులను గూర్చి మన దేశభాషలలో వెలువడు వ్యాసములు నూటికి తొంబది ఒకే చిత్రముతో ప్రారంభమగుచున్నవి. కనుచూపు మేర ఇసుక. నరసంచారము లేదు. ఆ శూన్యమున తెల్లని పళ్ళెములు బారులు తీరి, ఆకాశమునకు చెవి యొగ్గి, విశ్వము పలుకు రహస్యములను ఆలకించుచున్నవి. హిందీ రచయిత దీనిని 'నిర్జన మరుభూమి' యని ముగించును. తెలుగు రచయిత 'నిర్మానుష్యమైన ఎడారి' యని మొదలిడును. హిందీనుండి తెలుగునకు మాటలు మోయుట వృత్తిగా గల నాకడకు ఈ వాక్యము ఏటికి నాలుగైదు మారులు వచ్చుచుండును. చూచుటకు నిరపాయమైన వాక్యమే. కాని పళ్ళెములు ఆలకించుట లేదు. ఎడారి నిర్జనము కాదు. మొదటి అసత్యము విజ్ఞానమునకు సంబంధించినది, దిద్దుకొనుట సులభము. రెండవది మనుష్యులకు సంబంధించినది. దానివలన జరుగు చెరుపు ఎక్కువ.

మొదటిదానిని త్వరగా ముగింతును. రేడియో అనగానే మనకు పాట, వార్త, నాటకము స్ఫురించును. అందులోను మనము ఆ సంస్థకు ఆకాశవాణి యని పేరు పెట్టుకొన్నవారము. కంసునకు వినబడిన ఆకాశవాణి వలె నక్షత్రములును ఏదియో పలుకుచున్నవనియు, ఈ పళ్ళెములు దానిని పట్టుకొనుచున్నవనియు పాఠకుడు ఊహించుటలో ఆశ్చర్యమేమున్నది? రేడియో తరంగము వెలుగునకు తోబుట్టువు. శబ్దమునకు దూరపు చుట్టము కూడ కాదు. శబ్దము నడచుటకు గాలి కావలెను. నక్షత్రముల నడుమ గాలి లేదు. మన ఇంటి రేడియో పెట్టె, ఆ తరంగముమీద మనుష్యుడు ఎక్కించి పంపిన పాటను దింపి వినిపించును. నక్షత్రము ఏ పాటను ఎక్కించి పంపలేదు. పళ్ళెము అద్దమువలె తరంగములను ఒక బిందువునకు మరల్చును; అచ్చట గ్రాహకము వానిని విద్యుత్తుగా మార్చును; గణకయంత్రము వానిని అంకెలుగా కూర్చి పటము గీయును. ఇది చూపే గాని వినికిడి కాదు. మన తాతలు వాడిన దుర్భిణి యను మాట దీనికి చక్కగా సరిపోవును.

చెవి యను ఉపమానమునకు పూర్వకథ లేకపోలేదు. అమెరికాలో బెల్ టెలిఫోను పరిశోధనాలయమున పనిచేయుచుండిన కార్ల్ జాన్‌స్కీ, సముద్రము దాటు టెలిఫోను సంభాషణలను చెరుపుచున్న గోలకు కారణము వెదకుచు, 1932 ప్రాంతమున మూడు విధములైన గోలను గుర్తించెను. రెండు పిడుగులవలన పుట్టినవి. మూడవది ఎడతెగని సన్నని బుస. అది 24 గంటల కొకమారు గాక 23 గంటల 56 నిమిషముల కొకమారు హెచ్చుచుండెను. అనగా సూర్యుని వెంట గాక నక్షత్రముల వెంట తిరుగుచుండెను. పాలపుంత నడిబొడ్డునుండి వచ్చు తరంగములను మానవుడు మొదటిసారి గుర్తించినది అట్లు. జాన్‌స్కీ విన్నమాట నిజమే. కాని విన్నది తన యంత్రపు బుసను, నక్షత్రపు పలుకును కాదు. అటుపిమ్మట 1937లో గ్రోట్ రీబర్ ఆకాశమునకై మొదటి పళ్ళెమును నిర్మించెను. ఎక్కడ? ఇల్లినాయి రాష్ట్రమున వీటన్ అను ఊరిలో, తన ఇంటి పెరటిలో. ఎడారి యను ముచ్చట ఇంకను పుట్టలేదు.

మఱి ఎడారి యెందుకు వచ్చినది? ఇచ్చట కొంచెము నిలిచి చూడవలెను. ఏలయన వాదమంతయు దీనిమీద నాధారపడి యున్నది. విశ్వమున మిక్కిలి విస్తారముగా నున్న పదార్థము ఉదజని. ఆ పరమాణువు 21 సెంటిమీటర్ల తరంగమును వెలువరించునని 1944లో వాన్ డి హుల్స్ట్ గణించెను. 1951లో యూవెన్, పర్సెల్ అనువారు దానిని కనుగొనిరి. విశ్వము వ్యాకోచించుచున్నందున, దూరమునుండి, అనగా పూర్వకాలమునుండి, వచ్చు తరంగము దారిలో సాగిపోవును. 2023లో మన దేశపు దూరదర్శినితో గుర్తించినట్లు ప్రకటింపబడిన ఒక దూరపు నక్షత్రమండలపు ఉదజని తరంగము బయలుదేరినపుడు 21 సెంటిమీటర్లు, చేరునప్పటికి 48 సెంటిమీటర్లు. ప్రయాణకాలము 880 కోట్ల సంవత్సరములు. ఇట్లు సాగిన తరంగములు వచ్చి పడునది, మన టెలివిజను, చేతిఫోను, పోలీసు వైర్లెసు కొలువు తీరియున్న తావులలోనే. అవి ఎంత క్షీణములనగా, చంద్రునిమీద నొక చేతిఫోనును ఉంచినచో అది ఈ యంత్రములకు ఆకాశమందలి మిక్కిలి ప్రకాశవంతమైన వస్తువులలో ఒకటిగా కనబడును. కావున దూరదర్శినికి కావలసినది ఇసుక కాదు. మనుష్యుల విద్యుత్తు రొద లేకపోవుట. చిలీ దేశపు అటకామాలో 5,000 మీటర్ల ఎత్తున 2013లో ప్రారంభమైన 66 పళ్ళెముల అల్మా సంగతి కొంత వేరు. అది చూచు తరంగములు మిల్లీమీటరు కొలతలవి, వానిని గాలిలోని తేమ మ్రింగివేయును గనుక పొడి ఆకాశమును వెదకికొని పోయిరి.

ఇక ఆ ఎడారులలో మనుష్యులున్నారా? దక్షిణాఫ్రికాలోని కరూను చూడుడు. 2018లో అచ్చట 64 పళ్ళెముల మీర్‌క్యాట్ ప్రారంభమైనది. దానిని కలుపుకొని 197 పళ్ళెములతో 'చదరపు కిలోమీటరు' దూరదర్శినీ సముదాయములో ఒక భాగము లేచుచున్నది. 2007లో చేసిన యొక శాసనముచేత ఆ ప్రాంతపు రేడియో ప్రసారములు అదుపులోనికి వచ్చినవి. గొఱ్ఱెల క్షేత్రములు కొనబడినవి. కార్నార్వన్ పరిసరములలో దానిని గూర్చి సణుగుడు బయలుదేరినది. ఇది యిట్లుండ, ఆ నేల భాషను గూర్చి మాత్రము ఎవ్వరును వ్రాయరు. ఆ మైదానములలో ఖామ్ అను భాష మాటాడు సాన్ జనులుండిరి. 1870లలో కేప్‌టౌనులో బ్లీక్, లాయిడ్ అనువారు, ఆ ప్రాంతమునుండి ఖైదీలుగా తేబడిన వారి నోటినుండి కథలు విని పుస్తకములకెక్కించిరి. ఒక బాలిక పొయ్యిలోని బూడిదను పైకి చల్లగా అది పాలపుంత అయినదను కథ అందులోనిదే. ఆ భాష నేడు మాటాడువారు లేరు. దక్షిణాఫ్రికా 2000లో తన రాజ్యచిహ్నముమీద ఆ భాషలోని వాక్యమునే ధ్యేయవాక్యముగా చెక్కించుకొన్నది. పాలపుంతకు పుట్టుక కథ చెప్పిన వారి నేలమీద పాలపుంతను చూచు యంత్రమును నిలిపి, 'ఇది నిర్జనము' అని వ్రాయు రచయితకు తాను వ్రాసినదేమో తెలియునా? ఆ నేలను నిర్జనము చేసినవారు గలరు. అది తానుగా నిర్జనము కాలేదు.

ఆస్ట్రేలియాలో కొంత మెరుగు. పశ్చిమభాగమున మర్చిసన్ అను ప్రాంతము కలదు. సుమారు 50,000 చదరపు కిలోమీటర్లలో నూరుమందికి అటునిటుగా జనము. అచ్చట అదే సముదాయపు రెండవ భాగముగా 1,31,072 చిన్న ఆంటెన్నాలు నాటబడుచున్నవి. ఆ నేల వజారి యమాజీ జనులది. 2022లో వారితో భూవినియోగపు ఒడంబడిక కుదిరినది. పరిశోధనాస్థలమునకు వారి భాషలో 'ఇన్యారిమన్హా ఇల్గారి బున్దారా' యని పేరు. ఆకాశమును నక్షత్రములను పంచుకొనుట యని యర్థము. నిర్జనమైన చోట పంచుకొనుట కెవరుందురు? ఆ పేరే మన వ్యాసకర్తల మొదటి వాక్యమును కొట్టివేయుచున్నది. చైనాలో మార్గము వేరు. గ్వీజౌ కొండలలో 2016లో 500 మీటర్ల మహాపాత్రను పూర్తిచేసిరి. అది ఎడారి కానందున, 5 కిలోమీటర్ల లోపలి జనమును, 9,000 మందికి పైగా, తరలింప నిశ్చయించిరి. నిర్జనము దొరకనిచోట దానిని తయారుచేయవచ్చునన్నమాట.

నేను ఇంత పట్టుదలతో ఈ మాటను పట్టుకొనుటకు నివాసస్థలము కూడ కారణము కావచ్చును. భిలాయి ఉక్కు నగరములో నేనున్నది రుఆబాంధాలో. ఇచ్చటి నివాసప్రాంతములు చాలవరకు సెక్టరు 1, సెక్టరు 2 అని అంకెలతో పిలువబడును; దీనికి మాత్రము పాత పల్లె పేరు నిలిచియున్నది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక జరిగినది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఆనాటి కీర్తనలన్నిటిలోను హిందీవారి ప్రియమైన సామెత యొకటి వినబడును: 'జంగల్ మే మంగల్', అడవిలో శుభకార్యము. అడవి యెక్కడిది? వరిమళ్ళు, చెరువులు, పల్లెలు ఉండెడివి. వానిని వదలుకొన్న ఛత్తీస్‌గఢీ రైతులు ఉండిరి. దేశము నలుమూలలనుండి ఉద్యోగములకై వచ్చినవారికి, వారిలో మన తెలుగువారికిని, అది బీడుగా కనబడినది. వచ్చినవాని కంటికి ఉన్నవాడు కనబడకపోవుట అనాదిగా జరుగుచున్నదే. కర్మాగారము రాకూడదని నా వాదము కాదు. దాని అన్నము తినుచున్న ఊరిలో కూర్చుండి అట్లనుట కృతఘ్నత. కాని ఊరు ఉండిన చోట ఊరు లేదని వ్రాయుట అన్నము పెట్టినందుకు చెల్లింపదగిన వెల కాదు.

'అయిన నేమి? యంత్రమునకు ఏకాంతము కావలెను గదా. జనము నడుమ అది ఎట్లు పనిచేయును?' అని అడుగువారున్నారు. వారికి సమాధానము మన దేశముననే కలదు. దానిని చదివినవారే తక్కువ.

గోవింద స్వరూప్ గారు (1929-2020) యువకుడుగా ఆస్ట్రేలియాకు పోయి, అచ్చట సిడ్నీ సమీపమున పాట్స్ హిల్‌లో పని తీరిపోయిన ఆరేసి అడుగుల పళ్ళెములు 32 చూచి, వానిని మన దేశమునకు ఇప్పించుకొనిరి. అవి 1965లో బొంబాయి సమీపమున కళ్యాణులో నిలిచినవి. పారవేయదలచిన సామగ్రితో ఒక శాస్త్రము ఈ దేశమున మొదలైనది. ఉదకమండలమున ఆయన బృందము 1970లో పూర్తిచేసిన దూరదర్శిని 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల అర్ధగొట్టము. అచ్చటి కొండవాలు ఇంచుమించు ఆ ఊరి అక్షాంశమంత, అనగా 11 డిగ్రీలు, వంగియున్నది. అందుచేత దూరదర్శిని అక్షము భూమి అక్షమునకు సమాంతరమైనది. ఒక్క అక్షముమీద త్రిప్పినంతనే నక్షత్రమును గంటల తరబడి వెంబడింపవచ్చును. కొండ చేయగల పనిని యంత్రముచేత చేయింపకుండుట. ఇట్టి బుద్ధిని మన భాషలో పొదుపరితన మందురు, కొందరు లేమి యందురు.

పూనాకు ఉత్తరముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున, నారాయణగావ్ దగ్గర ఖోదడ్ అను పల్లె కలదు. మహా మీటరు తరంగ దూరదర్శిని అచ్చట నున్నది. ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసము గల పళ్ళెములు 30. పదునాలుగు ఒక్కచోట గుమిగూడియుండ, తక్కిన పదునారును మూడు చేతులుగా 25 కిలోమీటర్లవరకు పల్లెల నడుమ, ద్రాక్షతోటల నడుమ, టొమాటో మళ్ళ నడుమ విస్తరించియున్నవి. ఆ స్థలమును ఎన్నుకొన్నది ఎడారి దొరకక కాదు. చుట్టును కొండలు రొదను అడ్డగించును. పూనా నగరపు విద్య, రాకపోకలు అందుబాటులో నుండును. ఆ అక్షాంశమున ఊర్ధ్వవాయుమండలపు అలజడి తక్కువ. పళ్ళెమును రేకుతో గాక సన్నని ఉక్కు తీగెవలతో అల్లిరి. త్రాళ్ళవంటి తీగెలతో దానిని బిగించి వంపు తెచ్చిరి. మీటరు పొడవు తరంగమునకు వలలోని కన్నము కనబడదు. గాలి మాత్రము దానిగుండా దూసికొనిపోవును. గాలి త్రోపు తగ్గినది గనుక క్రింది కట్టడము తేలికయైనది. ఉక్కును టన్నులతో కొలిచి గొప్పతనమును నిర్ణయించు ఈ నగరములో ఈ సంగతి చెప్పినపుడు మిత్రులు నవ్వుదురు. నా దృష్టిలో ఆ 30 పళ్ళెముల వైభవము వానిలో వాడిన ఉక్కులో లేదు, వాడక మానిన ఉక్కులో నున్నది.

దాని పొరుగున వేయదలచిన పూనా-నాసిక రైలుమార్గమునకు దూరదర్శిని పక్షమున అభ్యంతరము వచ్చినది. వెంటనే 'నాలుగు పళ్ళెములకై లక్షలమంది ప్రయాణమును ఆపుదురా, ఎడారికి పోరాదా?' యని ప్రశ్న బయలుదేరినది. ఇదిగో, నిర్జనమను మాట ఫలించిన విధము! దూరదర్శిని ఎడారి వస్తువని నలుబది యేండ్లుగా చదివించినచో పాఠకుడు ఇట్లుగాక మఱెట్లు అడుగును? నేను రైలునకు శత్రువును కాను. దేశమునకు పట్టాలు చేయు ఊరివాసిని. న్యూమెక్సికోలో 27 పళ్ళెములను పట్టాలమీదనే ఈడ్చి స్థానములు మార్చుదురని చదివి సంతోషించినవారిలో నేనొకరిని. రైలు నాలుగు మైళ్ళు చుట్టిపోవచ్చును, ఆ పొరుగున నున్న రైతులు ఆ మాట చెప్పినను వినవచ్చును. బేరమాడుటకు ఇరుగుపొరుగులున్నారు. ఎడారికి పొమ్మనుట బేరము కాదు, వెలివేయుట.

అదియును గాక, ఎడారికి పోయినను నేడు శరణు లేదు. ఇంటర్నెట్టునకై వేలకొలది ఉపగ్రహములు భూమిచుట్టును తిరుగుచున్నవి. 2023లో నెదర్లాండ్సులోని లోఫార్ దూరదర్శినితో స్టార్‌లింక్ ఉపగ్రహములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, వాని యంత్రాంగమునుండి 110-188 మెగాహెర్ట్‌సుల నడుమ అనుద్దేశితముగా తరంగములు కారుచున్నవని కనుగొనిరి. 2024లో మరల చూడగా, క్రొత్త తరము ఉపగ్రహములు పాతవానికంటె 32 రెట్లవరకు ప్రకాశవంతములుగా నున్నవని తేలినది. బుద్ధిపూర్వకముగా చేయు ప్రసారములకు అంతర్జాతీయ నియమములు కలవు. ఈ కారుటకు తగిన నియమము లేదు. మర్చిసన్‌పై నుండియు కరూపై నుండియు ఆ ఉపగ్రహములే పోవుచున్నవి. భూమిమీద గోడ కట్టుకొన్నాము, కప్పు లేదు. మౌనమును దూరమునుబట్టి సంపాదింపవచ్చునను కాలము గడచినది. ఇక అది ఒప్పందమువలననే దొరకవలెను. అమెరికాలో పశ్చిమ వర్జీనియా కొండలలో గ్రీన్ బ్యాంక్ చుట్టును 1958నుండి 13,000 చదరపు మైళ్ళ నిశ్శబ్దమండలము కలదు. అది ఎడారి కాదు; ఊళ్ళు, బడులు, చర్చీలు గల ప్రదేశము. దూరదర్శినికి చేరువనున్నవారు ఏ యంత్రమును వాడుకొనవచ్చునో చూచుకొని వాడుకొనుచు బ్రతుకుచున్నారు.

'ఆకలిదేశమునకు ఆకాశ మేల?' యని అడుగువారితో నాకు దీర్ఘవాదము లేదు. చదరపు కిలోమీటరు సముదాయమునకై మన ప్రభుత్వము 2024 జనవరిలో సుమారు 1,250 కోట్ల రూపాయలకు ఆమోదము తెలిపినది. దానిని సమర్థించువారు, ఆస్ట్రేలియా రేడియో ఖగోళశాస్త్రజ్ఞుల గణితమునుండియే వైఫై పుట్టినదని లాభము చూపుదురు. నిజమే, కాని నాకా సమర్థనము రుచింపదు. ఉప్పు పప్పులు తెచ్చిపెట్టిననే ఆకాశము ముద్దని ఒప్పుకొన్నచో, అవి తేని యేడు దానిని మూసివేయవలసి వచ్చును. కవిత్వమునకును అనువాదమునకును ఇదే ప్రశ్న వేయుచుందురు గనుక, ఆ తక్కెడలో కూర్చుండుటకు నేను సమ్మతింపను.

తెలుగువారి సంగతి చెప్పి విరమింతును. 1840లో విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు సొంత ధనముతో వేధశాల నెలకొల్పిరి. వారి యల్లుడు అంకితం వేంకట నరసింగరావుగారు దానిని కొనసాగించి 1874 నాటి శుక్రసంక్రమణమును పరిశీలించిరి. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ గారు 1901లో 15 అంగుళముల దుర్భిణి తెప్పించిరి. 1908లో అది నిజాము ప్రభుత్వపు వేధశాల అయి, బేగంపేట చేరినది. ప్రపంచమంతయు కలసి ఆకాశమునకు పటము గీయ సంకల్పించినపుడు మన వేధశాల ఒక భాగము నెత్తికెత్తుకొని 7,60,000కు పైగా నక్షత్రముల స్థానములను నమోదు చేసినది. బేగంపేట అప్పుడు ఊరి వెలుపల. పిదప విమానములు వచ్చినవి, దీపములు వచ్చినవి. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు జాపాల-రంగాపురము పోయి 1968లో 48 అంగుళముల దూరదర్శినిని నిలిపిరి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఆ మీదుగానే పోగా శాస్త్రజ్ఞులు అచ్చట చేరిరి. హైదరాబాదు వెలుగు ఇప్పుడు రంగాపురము వరకును ప్రాకినది. నగరము తరుముకొని వచ్చుచుండ ఇంకెక్కడికి పోవుట? తెలంగాణమున ఎడారి లేదు.

లడఖ్‌లో హాన్లే చుట్టును 2022లో చీకటి ఆకాశపు రక్షితప్రాంతమును ఏర్పరచిరి. అదియు ఎడారియే, శీతల మరుభూమి. అయినను అచ్చట చాంగ్పా పశువుల కాపరులు, పల్లెలు ఉన్నవి. వారిని పొమ్మనలేదు. కిటికీలకు మందపు తెరలు, దీపములకు మీది కప్పులు, వాహనములకు దీపనియమము ఏర్పడినవి. ఆ పల్లెలవారిలో కొందరికి దుర్భిణులిచ్చి, వచ్చినవారికి ఆకాశమును చూపుటయందు తరిఫీదు చేసిరి. రంగారెడ్డి జిల్లాలో వీధిదీపపు వెలుగు నేలమీద పడునట్లు మీద రేకు కప్పుటకు ఎంత వ్యయమగును? రంగాపురము చుట్టునున్న పంచాయతీలవారిని ఈ ప్రశ్న ముందుగా అడుగవలెను. పిదప, ఆ ఊరి బడిపిల్లలకు ఆ గుమ్మటము క్రింద ఏమున్నదో తెలుగులో వ్రాసి యీయవలెను. ఆ పుస్తకమును ఎవరు వ్రాసినను సరే, మొదటి పుటలో ఊరి పేరు, ఊరివారి పని, వారి పొలముల పైరు ఉండునట్లు చూడవలెను.